పోతిమి, పోతుంటిమి, పోయినం

వనపర్తి దిక్కున ఏ పెద్దమ్మనైనా బొంబాయి వలస సంగతి అడగండి. "పొద్దుగాల్నే లేస్తిమి, మూటలు గట్టుకుంటిమి, బస్టాండుకు పోతిమి, బస్సు పాయె" అని ఒక్క ఊపున చెప్తుంది. అక్కడి కూలి బతుకు దగ్గరికి వచ్చేసరికి క్రియ మారిపోతుంది: "రోజూ మట్టి మోస్తుంటిమి, ఆడనే వండుకుంటుంటిమి." ఎప్పుడన్నా పుణె పోయినవా అంటే, "పోయిన" అని మరో రూపం.

ఒకదాని వెనక ఒకటి జరిగిన పనులకు ఒకటి, అలవాటుకు ఒకటి, జరిగిందని తేల్చి చెప్పడానికి ఒకటి. 2016లో పాలమూరును విడదీసి జిల్లాలు వేరు చేశారు గానీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పెద్దల నోట ఈ మూడు భూతకాలాలూ నాకు వినిపిస్తూనే ఉన్నాయి. తుంగభద్ర దాటి కర్నూలు వైపు వెళ్లినా "పోతిమి" వినబడుతుంది. పెద్దల మాటలు విని రాసుకోవడం నా పని. అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఈ క్రియల చివర్లే.

చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించిన నాటి గ్రాంథికంలోని "చేసితిమి", "వచ్చితిమి"లకు ఇవి దగ్గరి బంధువులు. గిడుగు రామమూర్తి వ్యావహారిక ఉద్యమం తర్వాత పత్రికల్లో "చేశాం" నిలిచింది, "చేసితిమి" పాతబడిన పుస్తకాల మాటయింది. పాలమూరులో మాత్రం దాని చుట్టాన్ని బడి మొహం చూడనివాళ్లు కాపాడుకొచ్చారు.

ఫ్రెంచిలో దీనికి తలకిందులుగా జరిగింది. ఒక్క పదంతో చెప్పే పాత భూతకాలం మాటల్లోంచి జారిపోయి నవలల్లో మిగిలింది. ఉత్తర ఇటలీలోనూ మాటల్లో సహాయక్రియ తోడున్న రూపానిదే రాజ్యం. సిసిలీలో మాత్రం ఈ పొద్దున జరిగినదానికీ పాత రూపమే పలుకుతారు. మనం సిసిలీ పక్షం. భవిష్యత్తు సంగతి ఇంకా ఆసక్తికరం: ఫ్రెంచి, స్పానిష్‌లలో "పోవు" అనే అర్థమున్న క్రియ తోడుగా వచ్చి పాత భవిష్యత్ రూపాలను మాటల్లో పక్కకు నెడుతోంది. మన "చేయబోతున్నా"లో దాగి ఉన్నదీ పోవు క్రియే. కాటలాన్‌లో అదే పోవు క్రియ జరిగిపోయిన పనిని చెబుతుంది!

లేదనడంలోనూ ఇక్కడి పలుకు గట్టిది. "రావడం లేదు" అంటే ఎవరో విడిగా చెప్పాలి. "వస్తలేను", "వస్తలేడు", "వస్తలేరు" అంటే మనిషి క్రియలోనే ఉన్నాడు. వార్తల భాషలోకి ఈ రూపం రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇంటర్ చదివే పిల్లలు నాతో "వెళ్లాం" అంటారు, ఇంట్లో "పోయినం" అంటారు. "పోతిమి" వాళ్ల నోట అరుదుగా వింటున్నాను. అవ్వల వలస జ్ఞాపకాలను ఫోన్‌లో రికార్డు చేస్తున్న కుర్రవాళ్లకు అందుకే నాదొక మనవి: కాగితం మీద పెట్టేటప్పుడు క్రియలను దిద్దకండి. "మట్టి మోస్తుంటిమి"ని "మట్టి మోశాం" అని మార్చారంటే, ఆమె ఏళ్ల తరబడి చేసిన చాకిరీ ఒక్కపూట పనైపోతుంది.