ఊ కొట్టే బోర్డు

ఊరి పేర్లు జరుగుతూ కనిపించే బోర్డు చేస్తే, ‘శంషాబాద్’ని ఎనిమిది వరసల ఎల్ఈడీ మ్యాట్రిక్స్‌లో ఎలాగో సర్దొచ్చు. ‘రావిర్యాల’ దగ్గరే చిక్కు. ర కింద య ఒత్తుకు చోటుండదు. ఇంగ్లిష్ అక్షరం ఐదు చుక్కల వెడల్పు, ఏడు చుక్కల ఎత్తులో ఒదిగిపోతుంది. మనకు పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు. అందుకే హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ బజారులో, నాలుగు ఎల్ఈడీ పలకలతో సరిపోయే పనికి తెలుగువాడు ఎనిమిది కొనాలి. పైన నాలుగు, కింద నాలుగు: 16 వరసలు, మొత్తం 512 దీపాలు.

పలక వెనక మ్యాక్స్7219 అనే చిప్ ఒక్కోసారి ఒక్క వరసనే వెలిగిస్తుంది. సెకనుకు సుమారు 800 సార్లు చుట్టి వస్తుంది కాబట్టి కంటికి అన్నీ వెలిగినట్టే. సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తే చారలుగా గుట్టు బయటపడుతుంది. (చిప్‌లు మా రావిర్యాలలోనే చేస్తామని 2006లో ఫ్యాబ్ సిటీ తలపెట్టారు. ఆ ఫ్యాక్టరీ రాలేదు, సోలార్ ప్యానెళ్లు, టీవీలు వచ్చాయి.)

పేరు కదలాలంటే ఒకదాని వెంట ఒకటిగా చూపించే బొమ్మలు, అంటే ఫ్రేములు కావాలి. అవన్నీ పలకలను నడిపే ఆర్డుయినో ఊనో బోర్డులోనే నింపేయొచ్చు. నాకది నచ్చదు, ఒక్క చుక్క జరపాలన్నా ప్రోగ్రామంతా మళ్లీ ఎక్కించాలి. కంప్యూటర్ నుంచి సీరియల్‌గా పంపితే గీస్తుండగానే పలక మీద కదులుతుంది.

512 దీపాలంటే 64 బైట్లు. ఫ్రేము మొదలు తెలిపే గుర్తుకు రెండు, సరిచూసే లెక్కకు చివర ఒకటి, వెరసి 67. ఆ చివరిది దండగనుకోవద్దు. ఆ రెండు గుర్తు బైట్లుగా 255 పెట్టుకుంటే, ఎనిమిది దీపాలూ వెలిగిన వరస కూడా 255 అవుతుంది. అలాంటివి జంటగా వస్తే అదే ఫ్రేము మొదలనుకుని బోర్డు బోల్తా పడి బొమ్మంతా పక్కకు జరుగుతుంది. లెక్క కుదరని ఫ్రేమును వదిలేసి పాతదే చూపిస్తే ఎవరికీ తెలియదు.

అసలు మెలిక వేరే. ఊనోలో వచ్చిన బైట్లు ఆగే జాగా 64 మాత్రమే. బోర్డు పలకలకు బొమ్మ పంపే పనిలో ఉండగా ఆ జాగాను మించి వచ్చేవి పొర్లిపోతాయి. అమ్మమ్మ కథలో వినేవాడు ఊ కొడితేనే రాజుగారు ముందుకు కదిలేవారు. ఇక్కడా అంతే. ఫ్రేము చూపించాక బోర్డు ఒక్క అక్షరం వెనక్కి పంపాలి, అది అందాకే కంప్యూటర్ తర్వాతిది వదలాలి. పోర్టు తెరవగానే ఊనో రీసెట్ అవుతుంది కనుక మొదటి ఊ కూడా బోర్డే కొట్టాలి.

9600 బాడ్ వేగంలో సెకనుకు 960 బైట్లు, అంటే 14 ఫ్రేములు. ఊ కోసం ఆగే సమయం పోను ఇంకా తక్కువ. అక్షరాలు కుంటుతాయి. 115200కి పెంచితే లెక్క ప్రకారం 170 దాకా పోవచ్చు. అంత అక్కర్లేదు. సెకనుకు 20 చుక్కలకు మించి జరిగే పేరును నేనైతే చదవలేను.