గాలికి కట్టే సుంకం

సైకిల్ పందేల్లో ‘అవర్ రికార్డు’ నియమం ఒక్క ముక్కలో చెప్పవచ్చు. వెలోడ్రోమ్ ట్రాక్ మీద గంటసేపు ఒంటరిగా తొక్కాలి, ఎంత దూరం పోతే అదే లెక్క. 1893లో ప్యారిస్‌లో ఆంరీ డెగ్రాంజ్ 35.325 కిలోమీటర్లు తొక్కారు. 2022 అక్టోబరు 8న స్విట్జర్లాండ్‌లోని గ్రెంచెన్‌లో ఇటలీ వీరుడు ఫిలిప్పో గాన్నా 56.792 కిలోమీటర్లు తొక్కారు. ఈ పెరుగుదలలో శిక్షణకూ యంత్రానికీ వాటా ఉంది. కానీ గాలిని అర్థం చేసుకోవడంలో మనిషి సాధించిన ప్రగతికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు కనబడదు.

చదునైన దారిలో వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటితే సైక్లిస్టు శ్రమలో దాదాపు తొంభై శాతం గాలికి కట్టే సుంకమే. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది, కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. వేగం పది శాతం పెంచాలంటే మూడో వంతు శక్తి అదనంగా పెట్టాలి. మేటి పోటీదారుల కాళ్లలో అంత బలం మిగిలి ఉండదు. కాబట్టి సుంకమే తగ్గించుకోవాలి. అందులో ముప్పాతిక వంతు దాకా సైకిల్‌ది కాదు, దాని మీద కూర్చున్న శరీరానిది.

ఈ సంగతిని లోకానికి చాటినవాడు స్కాట్లాండ్‌కు చెందిన గ్రేమ్ ఓబ్రీ. వాషింగ్ మెషీన్ బేరింగులు కూడా వాడి సొంతంగా సైకిల్ తయారు చేసుకున్నాడు. చేతులు మడిచి ఛాతీ కిందకు చేర్చి, 1993 జూలైలో నార్వేలోని హామర్‌లో 51.596 కిలోమీటర్లు తొక్కాడు. వారం తిరక్కుండానే మరో పోటీదారు క్రిస్ బోర్డ్‌మన్ ఆ రికార్డును దాటేశాడు. 1994లో ఓబ్రీ భంగిమను నిషేధించారు. అతను చేతులు బారుగా ముందుకు చాచే మరో భంగిమ కనిపెట్టాడు. దానితోనే బోర్డ్‌మన్ 1996లో మాంచెస్టర్‌లో 56.375 కిలోమీటర్లు సాధించాడు. తర్వాత దాన్నీ నిషేధించారు. అయినా గాన్నా ఇప్పటి నిబంధనలకు లోబడే ఆ దూరాన్ని దాటారు. అంత దూరం నడిపించింది ఓపికగా చేసిన కొలత.

కొలిచేది ‘సీడీఏ’ను. శరీరం గాలికి ఎదురు నిలిపే వైశాల్యాన్ని దాని ఆకారపు గుణకంతో గుణిస్తే వచ్చే విలువ అది. నిటారుగా కూర్చుంటే సుమారు 0.4 చదరపు మీటర్లు, మేటి టైమ్ ట్రయల్ పోటీదారులకు 0.2 దరిదాపుల్లో ఉంటుంది. దీన్ని విండ్ టన్నెల్‌లో కొలవవచ్చు. ఆ ఖర్చు భరించలేనివారికి రాబర్ట్ చంగ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఉంది. తొక్కే శక్తిని కొలిచే పవర్ మీటర్ బిగించుకుని, గాలి లేని వేళ, బ్రేకు వేయకుండా ఒకే చుట్టుదారిలో పలుమార్లు తిరగాలి. పెట్టిన శక్తిలోంచి టైర్ల ఘర్షణకూ, వేగం మార్పులకూ, ఊహించిన సీడీఏ ప్రకారం గాలికీ పోయింది తీసేస్తే, మిగిలింది ఎత్తు ఎక్కడానికి ఖర్చయినట్టు. దాంతో దారి ఎత్తుపల్లాల గీత గీయవచ్చు. చుట్టు తిరిగి అదే చోటికి వచ్చాక గీత కూడా మొదటి ఎత్తుకే రావాలి. చుట్టు చుట్టుకూ పైకి పోతుంటే సీడీఏను తక్కువగా ఊహించినట్టు, కిందికి జారుతుంటే ఎక్కువగా ఊహించినట్టు. సరిపడేదాకా సర్దితే అసలు విలువ దొరుకుతుంది.

ఇక్కడ నిగ్రహం కావాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. హెల్మెట్ మార్చి కొలిచాక, పాత హెల్మెట్‌తో మళ్లీ తిరిగి చూడాలి. రెండు పాత కొలతలూ కలవకపోతే మధ్యలో వచ్చిన లాభాన్ని నమ్మకూడదు. భుజాలు ముడిచి తల దించడం, మోచేతులు దగ్గరకు తేవడం, చేతుల మీద ఉబ్బెత్తు గీతల బట్ట వేసుకోవడం లాంటివి ఒకరికి మేలు చేస్తే మరొకరికి కీడు చేస్తాయి. మరీ వంగితే ఊపిరి అందదు, కాళ్ల బలం తగ్గుతుంది.

గాన్నాకు ముందు ఈ రికార్డు డాన్ బిగమ్‌ది. 2022 ఆగస్టులో అదే గ్రెంచెన్‌లో 55.548 కిలోమీటర్లు తొక్కిన ఆయన, అప్పట్లో గాన్నా జట్టులో ఇంజినీరు. తన రికార్డు చెరిగిపోతుందని తెలిసీ తన విద్యనంతా గాన్నాకు అందించారు. కాళ్ల బలం పంచుకునేది కాదు. కొలిచి తెలుసుకున్నదాన్ని మాత్రం పక్కవాడికి ఇవ్వవచ్చు, ఇస్తే అది ఇంకా ముందుకు పోతుంది. అందుకే ఈ కొలత పోటీదారుల రహస్యంగా మిగలకుండా, సైకిల్ ఎక్కే ప్రతి ఒక్కరూ నేర్చుకోదగ్గ విద్య అయింది.