కోడ్ చెప్పేది సగమే

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0011 అని వచ్చింది. క్యామ్ సెన్సరు మార్చారు. వారం తిరక్కుండానే లైటు మళ్లీ వెలిగింది. ఈసారి సోలెనాయిడ్ మార్చారు. ఇలా బిల్లు పెరిగి, జబ్బు మాత్రం బండిలోనే ఉండిపోవడం పెట్రోలు కార్లున్న చాలామందికి అనుభవమే. స్కానర్ అబద్ధం చెప్పలేదు. క్యామ్‌షాఫ్ట్ ఉండాల్సిన చోటుకంటే ముందుకు జరిగి ఉందని చెప్పింది, అంతే. ఎందుకు జరిగిందో కనిపెట్టడం మెకానిక్ పని. దానికి వరస తప్పని పద్ధతి ఒకటుంది. ఆ వరస తెలిసిన చేతులు తగ్గిపోకూడదన్నదే నా తపన.

క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. పాత ఇంజిన్లలో ఈ జోడీని ఒకసారి బిగిస్తే బిగించినట్టే. ఐడిలింగ్ నిలకడగా ఉండేలా వాల్వుల టైమింగ్ పెడితే వేగంలో పికప్ తగ్గేది. పికప్ కోసం పెడితే ఐడిలింగ్ చెడేది. ఇంజిన్ నడుస్తుండగానే క్యామ్ కోణాన్ని మార్చే ఏర్పాటు 1980లో ఆల్ఫా రోమియో స్పైడర్‌లో వచ్చింది. 1992లో బీఎండబ్ల్యూ వానోస్ వచ్చింది, తర్వాత టయోటా వీవీటీ-ఐ. ఇప్పుడు మన చిన్న కార్లలోనూ ఇది మామూలే.

చాలా ఇంజిన్లలో ఈ పని చేసేది ఇంజిన్ ఆయిలే. క్యామ్ చివర చైన్ పళ్లచక్రం లోపల రెక్కల రోటరు ఉంటుంది. రెక్కకు ఒక పక్క ఆయిల్ నిండితే క్యామ్ ముందుకు, రెండో పక్క నిండితే వెనక్కు జరుగుతుంది. ఏ పక్కకు ఎంత పంపాలో సోలెనాయిడ్ వాల్వు చూస్తుంది. దానికి ఆజ్ఞ ఇంజిన్ కంప్యూటర్‌ది. అంటే తప్పు కరెంటులో ఉండొచ్చు, ఆయిల్‌లో ఉండొచ్చు, ఇనుములో ఉండొచ్చు. మూడింటికీ ఒకే కోడ్ రావచ్చు.

అందుకే తెలిసిన మెకానిక్ ముందు ఆయిల్ గేజీ లాగుతాడు. ఆయిల్ తగ్గిందా, నల్లగా జిడ్డు కట్టిందా, ఎప్పుడు మార్చారు, ఏ గ్రేడు పోశారు అని అడుగుతాడు. కంపెనీ 0డబ్ల్యు-20 పోయమంటే, చిక్కటిదైతే ఇంజిన్‌కు మంచిదని 20డబ్ల్యు-50 పోసేవాళ్లున్నారు. మంచి మనసుతోనే పోస్తారు. కానీ అంత చిక్కటి ఆయిల్ ఆ సన్నటి దారుల్లో వేగంగా కదలదు. కంప్యూటర్ అడిగిన క్షణానికి క్యామ్ చేరదు. పైగా చాలా ఇంజిన్లలో వాల్వుకు ముందు ఓ చిన్న జల్లెడ ఉంటుంది. మడ్డి పట్టిన జల్లెడను కడిగి, సరైన ఆయిల్, ఫిల్టరు వేస్తేనే తేరుకున్న బండ్లు ఎన్నో.

తర్వాతి పని వినడం. బండిని రాత్రంతా షెడ్డులోనే ఉంచమని అడగాలి. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే చైన్ వైపు నుంచి ఒకటి రెండు సెకన్లు గరగర వినిపించి ఆగిపోతే, ఆయిల్ ఒత్తిడి వచ్చేదాకా రోటరును పట్టి ఉంచే లాక్ పిన్నును అనుమానించాలి. వేడెక్కిన బండిలో ఈ చప్పుడు దొరకదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్ల దగ్గర చెవి పెట్టి పని నేర్చుకున్న మేస్త్రీల విద్య ఇక్కడ ఇప్పటికీ అక్కరకొస్తుంది.

ఇక స్కానర్‌ను మళ్లీ తీయాలి, ఈసారి కోడ్ కోసం కాదు. లైవ్ డేటాలో కంప్యూటర్ అడిగిన కోణం, క్యామ్ చేరిన కోణం పక్కపక్కనే పెట్టుకుని ఇంజిన్ రేజ్ చేయాలి. అడిగింది 20 డిగ్రీలైతే చేరింది కూడా వెంటనే 20 దగ్గరికి రావాలి. మళ్లీ సున్నా అడిగినా 20లోనే ఉండిపోతే వాల్వు ఇరుక్కుని ఉండొచ్చు. అసలు కదలకపోతే వైరింగు, సోలెనాయిడ్, మూసుకుపోయిన దారి చూడాలి. ఏం అడిగినా తేడా ఎప్పుడూ అంతే ఉంటే చైన్ సాగిందేమో, పన్ను తప్పిందేమో చూడాలి.

నాకు అన్నిటికంటే నచ్చే పరీక్ష వాల్వుది. టయోటా ఇంటేక్ వాల్వునే తీసుకుందాం. కప్లర్ ఊడదీసి మీటరు పెడితే, చల్లగా ఉన్నప్పుడు సుమారు 7 ఓమ్‌లు చూపాలి. తర్వాత ఐడిలింగ్‌లో ఉన్న ఇంజిన్‌కు బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు కాసేపు ఇవ్వాలి. ఇంజిన్ తడబడినా, ఆగిపోయినా వాల్వూ రోటరూ కదిలాయన్నమాట. అప్పుడు వైరింగు వైపు వెళ్లాలి. ఏ మార్పూ లేకపోతే వాల్వు విప్పి చేతిలో పట్టుకుని కరెంటు ఇచ్చి చూడాలి. లోపలి కడ్డీ టక్కున కదిలిందా, ఇక మిగిలింది ఆయిల్ దారి, రోటరు. పైసా సామాను కొనకుండానే జబ్బు సగానికి సగం చోటుకు కుంచించుకుపోతుంది.

క్రాంక్, క్యామ్ స్థానాలు ఒకదానితో ఒకటి కలవడం లేదని చెప్పే పీ0016 కోడ్ వస్తే మాత్రం క్రాంక్, క్యామ్ సెన్సర్ల తరంగాలను ఆసిలోస్కోపులో ఒకదాని కింద ఒకటి పెట్టి, అదే మోడల్ మంచి ఇంజిన్ తరంగాలతో పోల్చాలి. తేడా అక్కడ కనిపించాకే టైమింగ్ కవరు విప్పాలి. అది గంటల పని, కస్టమరుకు పెద్ద ఖర్చు. అనుమానంతో విప్పకూడదు.

రిపేరు అయ్యాక కోడ్ చెరిపి తాళాలు ఇచ్చేస్తే సరిపోదు. ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, ఒకరు పక్క సీట్లో స్కానర్ పట్టుకుని చూస్తుంటే ఇంకొకరు బండిని ఎత్తు ఎక్కించాలి. రెండు కోణాలూ కలిసి పెరిగి, కలిసి తగ్గితే బండి ఇచ్చేయొచ్చు.