వెదురు బద్ద

ఆమధ్య రెండు రోజులపాటు నేను చేసిన పని చూసినవాళ్లు నాకు మతి చలించిందనుకునే ఉంటారు. నాలుగడుగుల వెదురు బద్ద ఒకటి నడుం ముందు అడ్డంగా పట్టుకుని మా కొబ్బరితోటలో వరస వరసా తిరిగాను. అరటి బోదెల మధ్య, కోకో కొమ్మల కింద, గేటు దగ్గర, కాలువ మీది తూము దగ్గర. చెట్టు మీద దింపు తీస్తున్న మనిషి పైనుంచే కేకేశాడు: "ఏంటండీ మేష్టారూ, తోటకి దిష్టి తీస్తన్నారా?"

"కాదయ్యా, ట్రాక్టరు కొంటున్నాను."

"ఆయ్" అని మళ్లీ గెల మీద కత్తి వేశాడు. మా వైపు 'ఆయ్'కి అర్థం అన్న మాటలో ఉండదు, అన్న తీరులో ఉంటుంది. ఆ తీరు నాకు అంత మర్యాదగా అనిపించలేదు.

రావులపాలెం సెంటర్ నుంచి మా తోట బైకు మీద పావుగంట. మొత్తం రెండున్నర ఎకరాలు. ఎకరన్నర కొబ్బరి, అందులో అంతరపంటగా అరటి, కాస్త కోకో. ఎనభై సెంట్లు వరిచేను. మిగతాది మకాం, గడ్డిమేటు, దారి. బడి ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కిరాయి ట్రాక్టరుతోనే నెట్టుకొచ్చాను. రిటైరయ్యాక పొద్దంతా తోటలోనే ఉంటున్నాను కాబట్టి దాని కష్టాలు దగ్గరగా కనబడటం మొదలైంది.

మొదటి కష్టం లెక్కది. క్యాలెండరు వెనక ఏడాది పొడుగునా రాసుకున్నాను: తోటలో రోటవేటరు ఎన్ని గంటలు తిరిగింది, చేలో దమ్ము ఎన్ని గంటలు పట్టింది. అన్నీ కలిపినా ముప్పై గంటలు దాటలేదు. నేనిచ్చే కిరాయి గంటకు పదమూడు వందలు. అంటే ఏడాదికి నలభై వేల లోపు. ఆరు లక్షల బండి కొంటే బ్యాంకు వడ్డీయే అంతకన్నా ఎక్కువ తింటుంది. లెక్కల మేష్టారుగా ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, ఈ లెక్క చూశాక ట్రాక్టరు ఊసెత్తకూడదు.

కానీ ఆ లెక్కలో రోజు లేదు. జూన్‌లో కాలువలకు నీళ్లు వదలగానే గోదావరి మధ్య డెల్టా అంతటికీ ఒకేసారి దమ్ము కావాలి. లొల్ల లాకులు దాటి నీళ్లు కిందికి దిగిన వారంలో ఏ ట్రాక్టరు డ్రైవరూ ఫోనెత్తడు. తోటలోనూ అంతే. వాన పడి, నేల ఆరి, పదును మీద ఉండేది మూడు రోజులు. ఆ మూడు రోజులూ బండి పదెకరాల ఆసామి దగ్గరే ఉంటుంది. మన ఎకరన్నరకి వచ్చేసరికి నేల రాయి. కిరాయి డబ్బుతో గంటలు దొరుకుతాయి, పదును దొరకదు.

రెండో కష్టం ఒక చెట్టు. రెండేళ్ల కిందట కిరాయికి వచ్చిన పెద్ద ట్రాక్టరు, వరస చివర తిరగబోయి రోటవేటరు మూల ఇనుముతో పన్నెండేళ్ల కొబ్బరిచెట్టు మొదట్లో అరచేయంత చెక్క లేపేసింది. డ్రైవరు కుర్రాడు దిగి చూసి, "ఏం కాదండి, చెట్టే కదా" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఎనిమిది నెలలకి ఆ గాయం పక్కన చిన్న బెజ్జాలు, వాటిలోంచి ఎర్రటి జిగురు, నమిలి వదిలేసిన పీచు. చెవి ఆనించి వింటే లోపల కరకరమని నమిలే చప్పుడు. ఎర్రముక్కు పురుగు. అది దెబ్బ తగిలిన చోటు వాసన పట్టి వచ్చి గుడ్లు పెడుతుందని, పైకి కనిపించేసరికి లోపలంతా డొల్ల అయిపోతుందని అంబాజీపేట పరిశోధన కేంద్రంవాళ్లు ఎన్నేళ్లుగానో చెబుతున్నదే. చెట్టు కొట్టించి తగలబెట్టించాను. ఆ రోజే నిర్ణయం అయిపోయిందనుకుంటా, పైకి ఒప్పుకోవడానికే ఏడాది పైన పట్టింది.

షోరూములకు తిరిగాను. రాజమండ్రి హైవే మీద వరసగా ఉన్నాయి, ఎర్రవి, నీలివి, నారింజవి. ఎక్కడికెళ్లినా మొదటి ప్రశ్న, "ఎన్నెకరాలండీ?" రెండున్నర అనగానే మొహంలో వెలుగు కొంచెం తగ్గేది. వెంటనే సర్దుకుని, "అయినా నలభై అయిదు హెచ్‌పీ తీసుకోండి సార్. ట్రక్కు కట్టి కిరాయికి తిప్పితే వాయిదాలు అవే పోతాయి" అనేవారు. అందులో అబద్ధం లేదు. మా చుట్టుపక్కల ట్రాక్టరు సంపాదన చాలామటుకు దుక్కిలో కాదు, ట్రక్కులో. ఇసుక, ఇటుక, ధాన్యం. కాకపోతే అది రవాణా వ్యాపారం, వ్యవసాయం కాదు. దానికి డ్రైవరు కావాలి, పెళ్లిళ్ల సీజన్లో డ్రైవరు దొరకాలి, రాత్రి పూట హైవే మీద లోడు వెళ్తుంటే మనకు నిద్ర పట్టాలి. నాకు అంత గుండె లేదు.

వెదురు బద్ద ఆలోచన మా పెదనాన్నది. ఎనభై నాలుగేళ్లు. జోడెడ్లతో మొదలెట్టి, ఊళ్లోకి వచ్చిన తొలి తరం ట్రాక్టర్లన్నీ ఎక్కినవాడు. నా చేతిలోని రంగు రంగుల కాగితాలు చూసి, "ఇవెందుకురా. నీ తోటలో అన్నిటికన్నా ఇరుకు ఎక్కడో తెలుసా నీకు?" అన్నాడు. తెలియదు. పుట్టి పెరిగిన తోట, తెలియదు. "ఎల్లి కొలుసుకు రా. బండి ఎడల్పు కాదు, దాని ఎనకాల కట్టే రోటవేటరు ఎడల్పుకి బద్ద కొట్టు."

నాలుగడుగుల రోటవేటరుకి నాలుగడుగుల బద్ద. కొలిచాక తెలిసిందేంటంటే, కొబ్బరి వరసలు పాతికడుగుల దూరం కాబట్టి ఏ బండైనా పడుతుందన్న నా ధీమా అంతా ఉత్తది. మొదలు చుట్టూ ఆరేసి అడుగుల పళ్లెంలోకి యంత్రం రాకూడదు, వేళ్లు తెగుతాయి. రెండు వైపులా కలిపి పన్నెండు పోతే మిగిలేది పదమూడు. ఆ పదమూడులో రెండు వరసల కర్పూర అరటి, వాటి మధ్య ఆరడుగులు. నాలుగడుగుల బద్ద తీసేస్తే అటొక అడుగు, ఇటొక అడుగు. అరటి ఎక్కడ పెట్టామో అక్కడే ఉంటుందా? పిలక పక్కకి జరుగుతుంది, రెండో పంటకి వరస వంకర తిరుగుతుంది. అయిదడుగుల రోటవేటరు లాగే నలభై అయిదు హెచ్‌పీ బండిని అందులో ఊహించుకుంటే నవ్వొచ్చింది. ఇక తూము మీది పలక. ఎడ్లబండి కాలంలో వేసింది. దాని మీద రెండు టన్నుల బండి ఎక్కితే ముందు కాలువలోకి దిగేది ఎవరో చెప్పక్కర్లేదు.

అలా హార్స్‌పవర్ పై నుంచి దిగుతూ వచ్చాను. పదిహేను హెచ్‌పీలో స్వరాజ్ 717, మహీంద్రా యువరాజ్ 215 లాంటివి ఉన్నాయి. తోటకి చక్కగా పడతాయి. మా నేలే ఒప్పుకోదు. లంక ఒండ్రులో అయితే పరిగెడతాయి గానీ, మాది తడిస్తే బంక, ఆరితే బెడ్డ. ఇరవై నాలుగు హెచ్‌పీలో కుబోటా బీ2441, మహీంద్రా జీవో 245 తరహావి నాలుగు చక్రాలూ లాగే బళ్లు. తేలిక, కాబట్టి దిగబడవు. ముందు చక్రాలూ లాగుతాయి, కాబట్టి బంకలో వెనక చక్రం ఊరికే తిరుగుతూ గుంట తవ్వదు. ఇక్కడ ఒక చిన్న మెలిక: కాగితం మీద ఇరవై నాలుగు అన్నది ఇంజను బలం. రోటవేటరును తిప్పే పీటీఓ షాఫ్టు దగ్గరికి వచ్చేసరికి అది ఇరవై దరిదాపులకు దిగుతుంది. మనం అడగాల్సింది ఆ రెండో అంకె. ఏ షోరూములోనూ వాళ్లంతట వాళ్లు చెప్పలేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి ఇచ్చే రిపోర్టుల్లో మాత్రం అది రాసి ఉంటుంది.

పవర్ టిల్లరు గురించి ఆలోచించకపోలేదు. ధర సగానికి సగం తక్కువ. తెలిసినవాళ్లది ఒక పూట నడిపాను. సాయంత్రానికి రెండు చేతులూ భుజాల దాకా వణికాయి, అన్నం కలుపుకోలేకపోయాను. ముప్పై ఏళ్ల వాడికి అది మంచి యంత్రం.

చిన్న బండి అంటే పెద్దదాని బొమ్మ అని చాలామంది చిన్నచూపు. నిజానికి ట్రాక్టరు చరిత్రలో తెలివైన మలుపు చిన్న బండి దగ్గరే వచ్చింది. హ్యారీ ఫెర్గూసన్ అని ఐర్లండు రైతు కొడుకు. అప్పట్లో నాగలి లాగడానికి బండిని బరువు పెంచుకుంటూ పోయేవారు. బరువు పెరిగితే నేల అణిగిపోతుంది, ఖర్చు పెరుగుతుంది. ఫెర్గూసన్ నాగలిని గొలుసుతో వెనక ఈడ్చే బదులు మూడు చోట్ల బండికే బిగించి, హైడ్రాలిక్‌తో ఎత్తి దించేలా చేశాడు. నేల నాగలిని ఎంత గట్టిగా పట్టుకుంటే ఆ భారం అంతగా వెనక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది. 1938లో హెన్రీ ఫోర్డ్‌కి చూపిస్తే ఇద్దరూ కాగితం కూడా రాసుకోకుండా చేతులు కలిపారు. తర్వాత ఫెర్గూసన్ ఫోర్డ్ కంపెనీ మీద కోర్టుకెక్కాడనుకోండి, అది వేరే కథ. ఈ రోజు మా రోటవేటరు వేలాడేది ఆ మూడు చోట్ల నుంచే. 1959లో ఫరీదాబాద్‌లో తయారైన మన దేశపు మొదటి ట్రాక్టరు ఐషర్ గానీ, 1974లో మనవాళ్లే డిజైన్ చేసుకుని తెచ్చిన స్వరాజ్ గానీ ఇప్పుడు పెద్ద బళ్లనిపించుకునే కోవలోవి కావు. చిన్న కమతం కోసం పుట్టినవే.

పాతది కొనమన్నవాళ్లూ ఉన్నారు. ఒకటి చూడటానికి మా మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్లాను. రంగు కొత్తగా వేశారు, టైర్లు నిగనిగలాడుతున్నాయి, మీటరులో గంటలు తక్కువ. అతను స్టార్ట్ కూడా చెయ్యలేదు. కింద దూరి, వెనక హౌసింగ్ బోల్టు ఒకటి వదులు చేసి, కారిన నూనెను చూపుడువేలి మీద పట్టి నా ముందు పెట్టాడు. నల్లగానో తేనెరంగులోనో ఉండాల్సింది, పాలు ఎక్కువైన టీలా ఉంది. "నీళ్లండి ఆయ్. దమ్ములో సీళ్లు పోయి దూరిందో, వరదలో మునిగిందో మరి. గేర్లు పంటి నొప్పిలాగ ఉంటాయండి ఇంక, ఒకటి అయ్యాక ఒకటి." 2022 జూలై గోదావరి లంకల మీంచి ఎలా పారిందో చూసినవాణ్ణి, మళ్లీ పాత బండి జోలికి వెళ్లలేదు.

కొత్తదానికి ఒక ఊరట దొరికింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ పన్నెండు శాతం నుంచి అయిదుకి దిగింది. టైర్లు, విడిభాగాల మీద పద్దెనిమిది నుంచి అయిదుకి. ఏ కంపెనీదన్నది రాయను, రాస్తే ప్రకటన అవుతుంది. చివరికి రెండింటి మధ్య ఎటూ తేలనప్పుడు, ఆదివారం పూట ఫోన్ చేస్తే వచ్చే మెకానిక్ ఏ రంగు బండి విప్పగలడో అదే తీసుకున్నాను. వరిచేను దమ్ముకి మాత్రం ఇప్పటికీ కిరాయి బండే. ఎనభై సెంట్ల కోసం దమ్ముచక్రాలు కొనడం దండగ, ఆ ఇనప చక్రాలతో తారురోడ్డు ఎక్కితే కేసు కూడా.

మొదటి రోజు తూము దాటించడానికి ఇంట్లో వాళ్లందరూ వచ్చి నిలబడ్డారు. ట్రాక్టరుకి కుడి బ్రేకు, ఎడమ బ్రేకు వేరువేరుగా ఉంటాయి. రోడ్డు మీద రెండింటినీ కలిపి కొక్కెం వేసి ఉంచాలి. తోటలో విడదీస్తే, ఒక వైపు తొక్కగానే బండి ఆ చక్రం మీదే గిరుక్కున తిరుగుతుంది. వరస చివర మొదటిసారి అలా తిప్పినప్పుడు, ఎక్కడో అరటి ఆకు చిరిగిన చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. పెదనాన్న నులకమంచం మీంచి లేచి రెండు వరసలు నడిచి చూసి, పొగగొట్టం పైకి ఉంటే కోకో ఆకులు మాడేవిరా, కిందికి ఉన్నది తీసుకున్నావు, బాగుంది, అన్నాడు. నేను చూసి తీసుకోలేదు, అదలా వచ్చింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఒక్కచోట మాత్రం బద్ద పట్టలేదు. తూర్పు గట్టు దగ్గర మా అమ్మ పెట్టిన చెట్టు, 1996 నవంబరు తుపానుకి సగం ఒరిగి అలాగే పెరిగింది. దాని కాండం నడుం ఎత్తున వరసకి అడ్డంగా వంగి ఉంటుంది. కొట్టించేస్తే బండి తిన్నగా పోతుంది. కాయ కూడా పెద్దగా లేదు. రెండుసార్లు గొడ్డలి మనిషిని పిలిచి, రెండుసార్లూ టీ ఇచ్చి పంపించేశాను. ఇప్పుడు బండి దాని ముందు రోటవేటరు ఎత్తుకుని, చుట్టూ తిరిగి అవతల దించుకుంటుంది. మధ్యలో మిగిలిపోయే అర సెంటు గడ్డి, నెలకోసారి నేనే పారతో చెక్కుతున్నాను.