మునిగిందా, ముంచారా?

ఇంగ్లిష్ ప్రెస్‌నోట్లను తెలుగు చేయడం నాకు అన్నం పెట్టిన పని. టెండర్లు, బడ్జెట్లు, కోర్టు తీర్పులు ఎలాగో గట్టెక్కుతాయి. 'చేంజ్' అన్న చిన్న మాట దగ్గర మాత్రం చేయి ఆగుతుంది. ఇంగ్లిష్‌లో ఆ మాట రెండువైపులా చెల్లుతుంది. తనంతట తాను మారినా చేంజే, ఇంకొకరు పట్టుపట్టి మార్చినా చేంజే. తెలుగు అంత సులువుగా వదలదు. మారింది అనాలి, లేదా మార్చారు అనాలి. మార్చారు అని రాయగానే ఎవరు అన్న ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. ప్రెస్‌నోట్‌లో దానికి జవాబు ఉండదు.

మన క్రియలు చాలావరకు ఇలా జంటలుగానే పుట్టాయి. మారు–మార్చు, మునుగు–ముంచు, నిండు–నింపు, కూలు–కూల్చు, ఎక్కు–ఎక్కించు. బడిలో అకర్మకం, సకర్మకం అని చదివి పరీక్ష రాసి మరిచిపోయాం. ఆ పాఠం విలువ నాకు తెలిసొచ్చింది సిద్దిపేట జిల్లా మర్కూక్ వార్తలు రాస్తున్నప్పుడే.

పదేళ్లలో ఇంగ్లిష్ మార్పు మాటలన్నీ ఆ ఒక్క చోటికి దిగాయి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మెదక్‌ను విడదీసి సిద్దిపేట జిల్లా చేశారు, మర్కూక్‌ను మండలం చేశారు. అది రీఆర్గనైజేషన్. తుమ్మిడిహట్టి దగ్గర అనుకున్న ప్రాణహిత–చేవెళ్ల పథకాన్ని మేడిగడ్డకు తరలించి కాళేశ్వరం అన్నారు. అది రీడిజైన్. దాని కింద అక్కడ కట్టిన కొండపోచమ్మ సాగర్ రిజర్వాయర్‌కు భూములు తీసుకోవడం అక్విజిషన్, ఊళ్లను లేపడం రీలొకేషన్, లేపినవాళ్లకు ఇళ్లివ్వడం రీహాబిలిటేషన్. మిగిలిన పొలం ప్లాట్లయితే కన్వర్షన్, పట్టాలో పేరు మారితే మ్యుటేషన్. అన్నీ నామవాచకాలే. ఏ ఒక్కదానికీ కర్త లేడు, కర్మ లేదు.

నీళ్ల సంగతి చూడండి. మేడిగడ్డ బ్యారేజీ దగ్గర నిండు నీటిమట్టం సముద్ర మట్టానికి 100 మీటర్లు. కొండపోచమ్మ సాగర్‌లో 618 మీటర్లు. గోదావరి అంత ఎత్తు తనంతట తాను ఎక్కదు. అంచెలంచెలుగా ఎక్కించారు. చివరి అంచె మర్కూక్ పంపుహౌస్. అక్కడ ఒక్కోటీ 34 మెగావాట్ల మోటార్లు ఆరు. 2020 మే 29న వాటిని ప్రారంభించి 15 టీఎంసీల సాగర్‌లోకి నీళ్లు వదిలారు. ఆనాటి ప్రసంగాల్లో, ప్రకటనల్లో, మా వార్తల్లో క్రియలన్నీ సకర్మకాలే: ఎత్తిపోశారు, ఎక్కించారు, నింపారు, పారించారు. కర్త పేరు పెద్దక్షరాల్లో ఉంది. తప్పేం లేదు, నీళ్లు నిజంగానే వచ్చాయి. ఎండిన బోర్ల ప్రాంతంలో అది చిన్న సంగతి కాదు.

అదే సాగర్ కింద మామిడ్యాల, బైలంపూర్, తానేదార్‌పల్లి పోయాయి. వాటి గురించి రాసేటప్పుడు అందరి క్రియలూ అకర్మకాలయ్యాయి. గ్రామాలు ముంపునకు గురయ్యాయి. కుటుంబాలు నిర్వాసితులయ్యాయి. తుంకి బొల్లారం ఆర్ అండ్ ఆర్ కాలనీకి తరలివెళ్లాయి. నీళ్లకు ఇంజనీర్లు, మంత్రులు, ముఖ్యమంత్రి ఉన్నారు. ముంపుకు మాత్రం ఎవరూ లేరు, వానాకాలం వరద వచ్చినట్టు వచ్చింది.

'గురయ్యాయి' పత్రికా తెలుగులో నాకు పడని మాట. ప్రమాదానికి గురయ్యారు, దాడికి గురయ్యారు, ముంపునకు గురయ్యారు. ఇంగ్లిష్ కర్మణి ప్రయోగాన్ని మక్కికి మక్కి దించితే 'మార్చబడింది', 'ముంచబడింది' అని కృతకంగా ఉంటుందని, దానికి బదులు ఈ దారి తొక్కాం. చెవికి ఇంపుగానే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టుకోరు. ఊళ్లో ఎవరినైనా కదిలించండి. 'మా ఊరు ముంపునకు గురైంది' అని ఒక్కరూ అనరు. 'మా ఊరు ముంచిన్రు' అంటారు, లేదా 'మా ఊరు పోయింది' అంటారు. మొదటిది కోపం, రెండోది దుఃఖం. మా వాక్యంలో రెండూ లేవు.

ఇదే మండలంలోని ఎర్రవల్లి, నర్సన్నపేటల్లోనూ పాత ఇళ్లు పోయాయి. అక్కడ పోయాయి అని ఎవరూ రాయలేదు. పాతవి కూల్చి డబుల్ బెడ్రూం ఇళ్లు కట్టించారు, 2016 డిసెంబరులో గృహప్రవేశాలు చేయించారు అని రాశారు. మెచ్చుకోలు వచ్చే చోట కూల్చడం కూడా సకర్మకంగా, ధైర్యంగా నిలబడుతుంది.

అకర్మకాలన్నీ అబద్ధాలని కాదు. 2023 అక్టోబరులో మేడిగడ్డ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. కుంగాయి అన్నదే సరైన మాట, ఎవరూ కావాలని కుంగదీయలేదు. అయితే ప్రణాళికలో, డిజైన్‌లో, నాణ్యత చూడటంలో లోపాలున్నాయని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ తేల్చింది. కాబట్టి కుంగాయి అన్న వాక్యం పక్కనే, లోపం ఎవరిదన్న రెండో వాక్యం కూడా ఉండాలి.

రెవెన్యూ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న రైతుకు ఈ వ్యాకరణం నాకంటే బాగా వచ్చు. మ్యుటేషన్ అన్న మాటను అతను మూడు మెట్లుగా చెబుతాడు. 'పట్టాల పేరు మారింది' అంటే తండ్రి పోయాడు, విరాసత్ అయింది. 'పేరు మార్చిన్రు' అంటే ఆఫీసులో ఏదో జరిగింది. 'పేరు మార్పిచ్చుకున్నడు' అంటే ఇక మనం అడగాల్సిందేమీ లేదు, పాలోడి గురించి కథంతా ఆ ఒక్క క్రియలో ఉంది. భూరికార్డులకు 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చాయి. పోర్టల్ పేరు ఏదైనా ఆ మూడు క్రియల తేడా చూపించే గడి అందులో లేదు.

ఇష్టం, అయిష్టం కూడా క్రియలోనే తేలతాయి. 2015లో ప్రభుత్వం 123వ నంబరు జీవో ఇచ్చింది. ఇష్టపడి ముందుకొచ్చే యజమానుల దగ్గర భూములు నేరుగా కొనడానికి అది. మల్లన్నసాగర్ రిజర్వాయర్ భూముల గొడవ నడిచిన రోజుల్లో మేం 'రైతులు భూములు అమ్ముకున్నారు' అని రాసేవాళ్లం. ఆ 'కున్నారు'లో తమ మేలు కోసం, తమ ఇష్టంతో అన్న అర్థం కూర్చుని ఉంటుంది. ఊళ్లలో వినిపించింది 'అమ్మిపిచ్చిన్రు' అని. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు.

ఇంగ్లిష్‌ను తిట్టాలని ఇదంతా రాయడం లేదు. ఆ భాషలో మార్పుకు ఎన్ని మెట్లున్నాయో మన డెస్కులకు ఇంకా పట్టలేదు. మర్కూక్ దర్జీకి తెలుసు, ఆల్ట్రేషన్ అంటే ప్యాంటు ప్యాంటుగానే ఉంటుంది, నడుం దగ్గరే కుట్టు విప్పాలి. రియల్ ఎస్టేట్ ఏజెంటుకు తెలుసు, కన్వర్షన్ అంటే మట్టి అదే, వాడకం వేరు. 2006 నాటి భూమార్పిడి చట్టం కింద రుసుం కట్టాలి. ట్రాన్స్‌ఫాం అన్నది పెద్ద మాట, రూపం మొత్తం మారాలి. అది రైతు నోట 'ట్రాన్స్‌ఫారం' అయి, 11 కేవీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా దింపే డబ్బా అయింది. ఢిల్లీలో 2015 జనవరి 1న ప్రణాళికా సంఘం స్థానంలో వచ్చిన నీతి ఆయోగ్ ఇంగ్లిష్ పేరులోనూ ఆ మాట ఉంది. మేం మాత్రం ఆల్టర్, మోడిఫై, కన్వర్ట్, ట్రాన్స్‌ఫాం అన్నింటికీ 'మార్పు' అనే ఒకే ముద్ర కొట్టి పంపేస్తాం. ఊరు జలాశయమైతే ఆల్ట్రేషన్ కాదు కదా!

డెస్కులో కొత్తగా చేరిన పిల్లలకు ఇప్పుడు ఒకే పని చెబుతున్నాను. ఇంగ్లిష్ వాక్యంలో మార్పు మాట కనిపిస్తే నిఘంటువు తెరవకండి, ముందు రిపోర్టర్‌కు ఫోన్ చేసి ఎవరు మార్చారో, ఎవరిది మారిందో అడగండి. జవాబు దొరికితే సకర్మక క్రియ రాయండి. దొరకకపోతే, ఎవరు చేశారో అధికారులు చెప్పలేదని అదే వార్తలో ఒక వాక్యం చేర్చండి. పేజీ పది నిమిషాలు ఆలస్యమవుతుంది, కావాలి కూడా.

పాఠకులకూ ఒక మనవి. మీ ఊరి వార్తలో 'గురైంది', 'జరిగింది' కనిపించి, చేసిందెవరో కనిపించకపోతే, ఆ ముక్క కత్తిరించి ఎవరో చెప్పమని మీ పత్రికకు ఉత్తరం రాయండి.