రవీంద్రుని తప్పిన రైలు

హిందీ జానపద గీతాలలో కలకత్తా కూడ పరదేశమే. వంగభాషలో ‘దేశ్’ అంటే స్వగ్రామమని కూడ అర్థము. ఈ సంగతి ఖరగ్‌పూరు తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. బెంగాల్–నాగపూరు రైల్వే కొలువులకై శ్రీకాకుళ, విశాఖ ప్రాంతాలనుండి వచ్చి తరాలు గడచినా, ‘మా ఊరు’ అన్నప్పుడు వారి మనస్సు తాతలనాటి ఊరికే పోతుంది. రవీంద్రుని ‘యూరోప్ యాత్రీర్ డాయరీ’కి అట్టివారే తగిన పాఠకులు.

1890లో ఆయన రెండవసారి లండను వెళ్ళినాడు. పదేళ్ళనాడు తన్ను బిడ్డవలె ఆదరించిన స్కాట్ దంపతుల ఇంటి తలుపు తట్టగా, వారక్కడ లేరని తెలిసినది. తరువాత భూగర్భ రైలెక్కి, దారి తప్పి, ఎక్కడో హామర్‌స్మిత్‌లో తేలినాడు. ఆ నిరాశను కొద్ది మాటలలో ముగించి, ఈ పొరపాటును మాత్రం తీరికగా నవ్వుతూ వర్ణించినాడు. తొలి యాత్రలోని లేఖలలో ఆ నవ్వు ఆంగ్లవేషధారులైన వంగీయులపై ఉండేది, ఇక్కడ తనపైననే. దీనిని వట్టి హాస్యమనుకొనే అనువాదకుడు గ్రంథాన్ని సగం పోగొట్టును. పైన ‘అయ్యో’ అని ఒక వాక్యం చేర్చేవాడు మిగిలిన సగాన్నీ చెరచును. ఆ ఏడు ఆగస్టులో బయలుదేరిన రవీంద్రుడు నవంబరులోనే ఇల్లు చేరినాడు.