మోటారుసైకిలుకు దారిచూపు పరికరము: చౌక యేది?

నేడు ఏ పట్టణములో చూచినను మోటారుసైకిలు హాండిలుకు సెల్‌ఫోను బిగించియుండుట సామాన్య దృశ్యము. కొన్ని వందల రూపాయలతో ఒక హోల్డరు కొని, ఫోనులోని పటమును తెరచినచో, తెలియని ఊరిలో గూడ ఎవరినీ అడుగకయే గమ్యము చేరవచ్చును. ఇంతకంటె చౌకయైన ఏర్పాటు మరొకటి లేదని పలువురి నమ్మకము. ఈ నమ్మకము ఎంతవరకు నిలుచునో విచారింతము.

దారి చూపుటలో మూడు పనులు కలవు. మనమెచ్చట ఉన్నామో కనుగొనుట మొదటిది. ఆ చోటును పటములో గుర్తించి త్రోవ నిర్ణయించుట రెండవది. ఆ త్రోవను బండి నడుపువారికి తెలియజేయుట మూడవది. ఈ మూడింటిని వేరువేరుగా తూచి చూచిన గాని చౌక యేదో తేలదు.

మొదటి పనిని ఉపగ్రహములు నెరవేర్చుచున్నవి. జి.పి.యస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, తమ పరమాణు గడియారములు చూపు కాలమును రేడియో తరంగములుగా పంపుచుండును. తరంగము మనలను చేరుటకు పట్టిన కాలమును బట్టి దూరము తెలియును. రేడియో తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, కాలములో సెకనులో పదిలక్షలవ వంతు తప్పు వచ్చినను దూరములో 300 మీటర్ల తప్పు వచ్చును. ఫోనులోని గడియారము అంత ఖచ్చితమైనది కాదు. అందుచేత మూడు ఉపగ్రహములు చాలవు. ఆ గడియారపు తప్పును సవరించుటకు నాలుగవదియు కావలెను. 2000వ సంవత్సరము మే నెల వరకు అమెరికా ప్రభుత్వము సామాన్యులకందు సంకేతమును బుద్ధిపూర్వకముగా కొంత చెరచి పంపెడిది. పిమ్మట ఆ పద్ధతిని మానినది. ఈ సంకేతమునకు రుసుము లేదు. ఎంతో ఖరీదైన పరికరమునకును, పాత ఫోనునకును ఆకాశము నుండి వచ్చునది ఉచితమే.

రెండవ పనిలోనే తరచుగా పొరపాటు జరుగును. “సిగ్నలు లేనిచోట జి.పి.యస్. పనిచేయదు” అని చెప్పుట వినుచుందుము. ఇది సరికాదు. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు దారిలో, మన్ననూరు దాటిన పిమ్మట నల్లమల అడవిలో సెల్‌ఫోను సిగ్నలు చాలచోట్ల అందదు. అచ్చట గూడ ఉపగ్రహముల సంకేతము ఫోనుకు చేరుచునే యుండును. చేరనిది పటము మాత్రమే. ఇంటివద్దనే పటమును ఫోనులోనికి దింపుకొన్నచో ఈ చిక్కు తీరును. 2004లో ఆరంభమై, స్వచ్ఛంద సేవకుల కృషితో పెరిగిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారముగా పనిచేయు ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ వంటివి ఇందుకు ఉపకరించును. ఐతే పటమునకు అన్నియు తెలియునని భ్రమపడరాదు. అదే అడవిలో రాత్రివేళ వాహనములను చెక్‌పోస్టు వద్ద ఆపివేయుదురు. పటము త్రోవను చూపవచ్చును గాని గేటు తీయించలేదు గదా!

ఇక మూడవ పని. ప్రాణమునకు సంబంధించినది ఇదియే. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోవును. తెరపై వీధి పేరు చదువుటకు రెండు సెకనులు పట్టెననుకొనుడు; బండి 33 మీటర్లు చూపులేకయే పోయినదన్నమాట. ఆ మేరలో ఒక గుంటయో, గేదెయో ఉండవచ్చును. ఎండలో తెర కనబడక రెండవసారి చూచినచో ఆ దూరము రెట్టింపగును. హోల్డరు ధరలో ఈ ఖర్చు చేరియుండదు.

ఈ దృష్టితో చూచినచో, మోటారుసైకిళ్ళ కొరకే చేసిన ప్రత్యేక పరికరములు ఎండకు, వానకు తట్టుకొనును. తెర స్పష్టముగా కనబడును. కాని వాటి ధర సామాన్యునకు భారము. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ ట్రిప్పర్ అను చిన్న గుండ్రని తెరను ప్రవేశపెట్టినది. ఫోను జేబులోనే యుండును. తెరపై మలుపు గుర్తు, దూరము కనబడును. చూడవలసినది ఎంత తగ్గిన అంత మేలు గనుక ఈ సూత్రము మెచ్చదగినది. ఐనను అది కొన్ని బండ్లకే పరిమితము. ఒక చెవిలో మాత్రము ఇయర్‌ఫోను పెట్టుకొని మాటతో దారి తెలిసికొనుట కంటికి విశ్రాంతినిచ్చును గాని, వెనుకనుండి వచ్చు లారీ హారను వినబడునా లేదా అను సందేహము మిగులును.

ఖరీదైన ఫోనును హాండిలుకు బిగించుటలో మరొక నష్టము కలదు. ఇంజను ప్రకంపనలవలన ఐఫోను కెమెరా పనితనము చెడవచ్చునని 2021 సెప్టెంబరులో ఆపిల్ సంస్థయే హెచ్చరించినది. వందల రూపాయల హోల్డరు వేల రూపాయల కెమెరాకు చేటు తెచ్చునెడల దానిని చౌకయని ఎట్లనగలము?

కావున మా అభిప్రాయము ఇది. ఇంటిలో మూలపడియున్న పాత ఫోనే నిజమైన చౌక పరికరము. దానికి సిమ్‌కార్డు అక్కరలేదు. పటమును ముందుగా దింపుకొని, బండి బ్యాటరీ నుండి ఛార్జింగు తీగ అమర్చిన చాలును. నెట్‌వర్కు సాయము లేనపుడు అది తన స్థానమును కనుగొనుటకు కొంత ఆలస్యము చేయును. జి.పి.యస్. ఉపగ్రహము తన వివరములను సెకనుకు 50 బిట్ల చొప్పుననే పంపును; తన కక్ష్య వివరములను 30 సెకనులకొకసారి తిరిగి చెప్పును. కనుక బయలుదేరుటకు ముందే ఆరుబయట కొన్ని నిమిషములు ఉంచవలెను.

2020 అక్టోబరు నుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము, బండి నడుపునపుడు ఫోనును దారి చూచుకొనుటకు మాత్రమే, ఏకాగ్రత చెడని విధముగా వాడవచ్చును. ఈ షరతును హోల్డరు పాటింపలేదు, నడుపువారే పాటింపవలెను. బయలుదేరకముందు ముఖ్యమైన నాలుగు మలుపులు మనస్సున నిలుపుకొనుడు. సందేహము కలిగినచో బండిని ప్రక్కకు ఆపి చూచుకొనుడు. ఆగుటకు పట్టు ఒక నిమిషమునకు మించిన చౌక సాధనము ఏ దుకాణములోను దొరకదు.